కాలు ఎత్తినాక ఎడమకు లాగిన బండి

చెన్నై సెంట్రల్ స్టేషన్‌లో దిగాను. మే నెల. పొద్దున ఏడు గంటలకే చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. వారం కిందటి దాకా లడఖ్‌లో ఉన్నాను. అక్కడ డీజిల్ గడ్డకడుతుందని ట్యాంకు కింద మంట పెట్టుకునేవాళ్ళం. ఇక్కడ నన్నే ఎవరో మంట మీద పెట్టినట్టుంది. భుజాన కిట్ సంచి, చేతిలో పనిముట్ల పెట్టె. ఆర్డరు ఒకే వాక్యం: యూనిట్ పాత కారును పరేడ్‌కు సిద్ధం చేయాలి.

నేను హవల్దార్‌ని, బండ్ల మెకానిక్‌ని. మాది పొన్నేరి దగ్గర. ఎనిమిదో తరగతిలో బడి నన్ను వదిలేసింది. కాదు, నేనే వదిలేశానని మా నాయన అంటాడు. ఆ కేసు ఇంకా తేలలేదు. ఫౌజు అంటే తుపాకీ అనుకుంటారు మీరు. నా సర్వీసంతా బండ్ల కింద వెల్లకిలా గడిచింది. అయినా ఆ చెన్నై డ్యూటీ తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

షెడ్డు సముద్రపు గాలి తగిలే చోట ఉంది. లోపల నల్ల కారు. స్వాతంత్య్రం వచ్చిన కొత్తలో కొన్నది. పరేడ్ రోజు రిటైరైన పెద్ద ఆఫీసర్లను ఎక్కించుకుని మైదానం చుట్టూ తిరగడం దాని ఉద్యోగం. బానెట్‌లో చూసి మీసం దువ్వుకోవచ్చు, అంత మెరుపు. ఎడమ మడ్‌గార్డు మాత్రం లోపలికి నొక్కుకుపోయి ఉంది.

షెడ్డు ఇన్‌చార్జి సుబేదార్ సాబ్. చిత్తూరు మనిషి.

"వచ్చినావా అప్పా? ఆ సొట్ట తీసేసి రంగు కొట్టు. అంతే పని."

"సొట్ట ఎట్ల పడింది సాబ్?"

"డ్రైవరు కునుకు తీస్తా తోలినాడు. గేటు స్తంభానికి కొట్టినాడు. శుక్రవారం కెప్టెన్ సాబ్ తేల్చేస్తాడు."

ఆ డ్రైవర్ షెడ్డు వెనక గడ్డి పీకుతున్నాడు. హోదా నాయక్. చెన్నైలోనే చింతాద్రిపేట కుర్రాడు, ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. బండి తాళాలు లాక్కుని చేతికి కొడవలి ఇచ్చారు. తప్పు అతనిదేనని తేలితే భుజం మీది నాయక్ పట్టీ పోతుంది. పట్టీ పోతే సర్వీసు పొడిగించరు, ఆ ఏడాదే ఇంటికి.

"నేను నిద్రపోలా అన్నా. బండే లాగింది."

"అట్లనే చెప్తారురా అందరూ. నేను పరీక్ష తప్పినప్పుడు పెన్నే లాగిందని చెప్పినా."

"విళయాట్టు వద్దు పా, ఎగతాళి చేయొద్దు! నా బతుకు పోతా ఉండాది."

నవ్వు ఆపేశాను. "సరే. బ్రేకు తొక్కినప్పుడు లాగిందా?"

"ఇల్లె అన్నా, లేదు. తొక్కినప్పుడు బాగానే ఉన్నింది. కాలు ఎత్తినాకనే ఎడమకు లాగింది. స్టీరింగ్ తిప్పితే తిరగలా, రాయి మాదిరి."

"ఈ మాట షెడ్డులో చెప్పినావా?"

"చెప్పినా. బ్రేకు మీద కాలే లేనప్పుడు బండి ఎట్ల లాగుతుందిరా అని నవ్వినారు."

నవ్వారట! రోగం పేరు రోగి నోటితోనే వస్తే నవ్వారు. గుద్దిన మర్నాడు బండిని జాకీల మీద ఎత్తి చక్రాలు తిప్పి చూశారట. రెండూ తిరిగాయి. బ్రేకులు బాగున్నాయి, డ్రైవరే బాగాలేడు అని తేల్చారు. మర్నాడు! ఇట్లా బిగుసుకున్న చక్రం ఒక రాత్రి నిలబెడితే దానంతట అదే వదులుతుంది.

నేను బండి కింద దూరాను. కోపం అక్కడ మొదలైంది. అడుగంతా రంగే. యాక్సిల్‌కు రంగు, పైపులకు రంగు. ఇనుప పైపు నుంచి చక్రానికి బ్రేక్ ఆయిల్ అందించే రబ్బరు హోస్‌కూ రంగే. ప్రతి ఇన్‌స్పెక్షన్‌కు ముందు రంగులో కలిపే థిన్నర్‌తో తుడవడం, పైన ఒక కోటు కొట్టడం. థిన్నర్ తాగి తాగి రబ్బరు ఉబ్బిపోయింది.

గ్రీజు నిప్పిళ్ళ సంగతి ఇంకా ఘోరం. చక్రం పక్కకు తిరిగేది కింగ్‌పిన్ మీద. దానికి గ్రీజు పట్టించే చిన్న మూతి నిప్పిల్. ఎక్కడుందో తెలియడానికి ఫౌజులో దాని చుట్టూ ఎర్ర రంగు వేస్తారు. మంచి పద్ధతే. మావాళ్ళు భక్తి ఎక్కువై ఆ మూతి మీదే ఏటా పూశారు. గ్రీజు కొట్టే గన్ పెట్టి నొక్కితే అది పక్కలకు కారింది తప్ప లోపలికి చుక్క పోలేదు. స్టీరింగ్ రాయి కాక మరేమవుతుంది?

శుక్రవారం కెప్టెన్ సాబ్ వచ్చాడు. యువకుడు, బూట్లు తళతళ. ఆయనది హిందీ, నాది ఫౌజు హిందీ. ఇక్కడ తెలుగులో చెబుతున్నాను. డ్రైవర్‌ను కూడా పిలిపించి గోడ పక్కన నిలబెట్టారు. ముందు చక్రాలు రెండూ గాల్లో ఉన్నాయి. నేను సీట్లో కూర్చుని బ్రేకు గట్టిగా నాలుగుసార్లు తొక్కి, కాలు తీసేశాను.

"సాబ్, కుడి చక్రం తిప్పండి."

తిరిగింది.

"ఎడమది."

తిరగలేదు. రెండు చేతులతో పట్టుకున్నాడు. కదల్లేదు.

"ఇప్పుడు టీ తెప్పించండి సాబ్. మనం తాగేలోపు అదే వదులుతుంది."

సుబేదార్ సాబ్ పళ్ళు నూరాడు. "మెకానిక్‌వా, జోస్యుడివా?"

టీ వచ్చింది, తాగాం. కెప్టెన్ సాబ్ వేలితో నెట్టాడు. ఎడమ చక్రం పాపమెరుగనట్టు గిర్రున తిరిగింది. ఆయన గ్లాసు కింద పెట్టి మొదటిసారి డ్రైవర్ మొహం చూశాడు.

హోస్ విప్పి బ్లేడుతో నిలువునా చీల్చి చూపించాను. లోపల దారి ఉబ్బి మూసుకుపోయింది. కాలి బలానికి ఆయిల్ అటు పోతుంది. తిరిగి రావడానికి బలం చాలదు. అందాకా చక్రాన్ని బ్రేకు పట్టుకునే ఉంటుంది.

"రంగు కొట్టేది తప్పా అప్పా?" అన్నాడు సుబేదార్ సాబ్. "జనరల్ సాబ్ వంగి చూస్తే మెరవద్దా?"

"ఆయన వంగి చూసి పోతాడు సాబ్. ఎక్కి తోలేది వీడు."

సుబేదార్ సాబ్ చీల్చిన హోస్ ఎత్తి వెలుతురుకు పట్టి చూశాడు.

చింతాద్రిపేట పక్క సందుల్లో పాత బండ్ల సామాన్లు అమ్ముతారు. డ్రైవరే తీసుకెళ్ళాడు. మూడు హోస్‌లు, కింగ్‌పిన్ సెట్టు తెచ్చాం. పాత పిన్ను కొట్టి బయటికి తీయడానికి ఒక పూట పట్టింది. కొత్తవి వేసి, నిప్పిళ్ళు మార్చి, గ్రీజు పట్టించాం. తర్వాత బ్రేకుల్లో గాలి తీయాలి. నేను కింద, అతను పెడల్ మీద.

"తొక్కు!"

"తొక్కినా!"

"పట్టు... పట్టరా, బిగించేదాకా వదలొద్దు!"

"ఈ జన్మకు వదలనన్నా!"

సోమవారం పొద్దున, పరేడ్ మైదానం పక్క కాంక్రీటు రోడ్డు మీద పరీక్ష. కెప్టెన్ సాబ్ తానే ముందు సీట్లో కూర్చున్నాడు. నేను వెనక. తోలేది డ్రైవర్. మలుపులో పట్టు సడలిస్తే స్టీరింగ్ తనంతట తానే నేరుగా వచ్చింది. తర్వాత వేగం పెంచి బ్రేకు గట్టిగా తొక్కాడు. టైర్లు అరిచాయి. బండి ఆగింది. కాలు ఎత్తి మళ్ళీ పోనిచ్చాడు. ఎటూ లాగలేదు.

"యంత్ర లోపం," అన్నాడు కెప్టెన్ సాబ్. పట్టీ నిలిచింది. తాళాలు తిరిగి చేతికొచ్చాయి. క్షమించమని ఎవరూ అనలేదు. నవ్వినవాళ్ళు ఎవరని ఎవరూ అడగలేదు. మనిషి మీదైతే విచారణ పెట్టారు. రంగు డబ్బా మీద మాత్రం పెట్టలేదు.

నేను మళ్ళీ లడఖ్ వెళ్ళాను. తర్వాత పెన్షన్, పొన్నేరి. ఆ పరేడ్ నేను చూడలేదు. నాకు కనిపించేది ఆ సోమవారమే. కెప్టెన్ సాబ్ దిగి వెళ్ళిపోయాడు. డ్రైవర్ ఇంజను ఆపి రోడ్డు మీదికి నడిచి వెళ్ళాడు. కాంక్రీటు మీద టైర్లు గీసిన రెండు నల్ల గీతలు, నేరుగా, సమానంగా. వాటి మధ్య గొంతుకూర్చుని, కుడి అరచెయ్యి ఒక గీత మీద, ఎడమ అరచెయ్యి రెండో గీత మీద ఆనించాడు. కాంక్రీటు కాలుతోంది. అతను చేతులు తీయలేదు.