ముర్రుపాలు పారబోయనివ్వని నర్సమ్మ

మంగళవారం పొద్దున ఆవుకు మేత వేస్తుంటే ఫోను వచ్చింది. "మన నర్సమ్మ పోయిందంట మే," అంది పక్కూరి వదిన. మేత అక్కడే వదిలేసి కూర్చున్నాను. కుందారపల్లి చుట్టుపక్కల బిడ్డను కన్న ఏ ఆడదాన్ని అడిగినా ఆమె ఎవరో చెబుతుంది. ఊరూరా తిరిగే సర్కారు నర్సు. టీకాల డబ్బా స్కూటీకి కట్టుకుని, ఎండావానా చూడకుండా తిరిగేది.

నా తొలి కాన్పు ఆటో వచ్చేలోపే ఇంట్లో అయిపోయింది. పచ్చగా దిగిన తొలిపాలు చెడ్డవని, మూడు రోజులు పిండి పారబోయమంది అత్త. బిడ్డకు దూదితో చక్కెర నీళ్లు పట్టింది. రెండో రోజుకు బిడ్డ ఏడుపు మానేసింది. బుద్ధిగల బిడ్డ, సతాయించదు అని చూడవచ్చినవాళ్లు మెచ్చుకున్నారు. నేనూ మురిసిపోయాను.

నర్సమ్మ వచ్చి బిడ్డ అరికాలు మీటింది. బిడ్డ కళ్లు తెరవలేదు. వెంటనే అంబులెన్సుకు ఫోను చేసి, అది వచ్చేలోపు తల్లిపాలు పట్టాలంది. అత్త మాత్రం పాలు పట్టనిచ్చేది లేదంది. నర్సమ్మ అరవలేదు, అత్త చేయి పట్టుకుని కొట్టంలోకి తీసుకుపోయింది. మా ఆవు ఈని నాలుగు రోజులైంది. వాళ్ల మాటలు కిటికీలోంచి వినబడ్డాయి.

"ఈ దూడకు ముర్రుపాలు తాపింది ఎవరమ్మా?"

"నేనే."

"తాపకుంటే?"

"ఇంగ నిలబడుతుందా అది," అంది అత్త.

అత్త లోపలికొచ్చి, బిడ్డను తానే నా ఒడిలో పెట్టింది. నర్సమ్మ నా పాలు స్పూనులోకి పిండి, పెదాలకు చుక్క చుక్కగా తాకించింది. బిడ్డ మింగింది. తర్వాత కృష్ణగిరి ఆసుపత్రిలో వారం ఉన్నాం. ఆ బిడ్డ ఇప్పుడు ఎనిమిదో తరగతి, నా మాట వినదు. అత్తయితే ముర్రుపాల సంగతి తానే కనిపెట్టినట్టు ఊరంతా చెప్పుకు తిరిగింది.

బాలింతకు నీళ్లిస్తే కడుపు ఉబ్బుతుందని మా ఇళ్లల్లో భయం. నర్సమ్మ దానితో వాదన పెట్టుకోలేదు. రాగానే దాహమని చెంబెడు నీళ్లు అడిగేది. రెండు గుక్కలు ఎత్తి పోసుకుని, మిగిలింది నా చేతికిచ్చేది. ఇంటికొచ్చిన మనిషి ఇచ్చింది వద్దనలేక అత్త గోడకేసి చూసేది. "బిడ్డను చూడాలంటే ముందు తల్లి మొకం చూడాల" అనేది నర్సమ్మ. నా మొకం అలా చూసినవాళ్లు మళ్లీ లేరు. ఒక్కసారి వచ్చి కూర్చుంటే బాగుండునని ఉంది, ఏ పనీ లేకపోయినా.

ఆ రోజే మత్తూరులో నర్సమ్మ వాళ్లింటికి పోయాను. చావింటికి బాలింత రాకూడదంటారు. అయినా ఒక పిల్ల నెల తిరగని బిడ్డతో ఆటో దిగింది. పెద్దలు వాకిట్లోనే ఆపారు. ఆమె పోయి రోడ్డవతల అంగడి మెట్ల మీద కూర్చుంది. పాడె ఎత్తే వేళకు బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. పాడె ఎదురుగా వస్తోందని అందరూ లేచి నిలబడ్డారు. ఆ పిల్ల లేవలేదు. చెంగు కప్పుకుని, తల వంచి, బిడ్డకు పాలిస్తూ ఉండిపోయింది.