నా పేరు మీద పడ్డ అడుగులు

నలభై ఆరేళ్లు వచ్చేసరికి, నేల మీద కాలు పెట్టాల్సిన అవసరమే లేని జీవితాన్ని నేను సంపాదించుకున్నాను. గొప్పకు చెప్పడం లేదు, ఉన్నమాటే చెబుతున్నాను. కోకాపేటలో మా ఫ్లాటు ఇరవై రెండో అంతస్తులో ఉంది. లిఫ్టు దిగితే సెల్లారు, అందులో కారు. కారు దిగితే రాయదుర్గంలో ఆఫీసు సెల్లారు, అక్కడ మళ్లీ లిఫ్టు, లిఫ్టుకు పది అడుగుల దూరంలో నా కుర్చీ. అదీ వారానికి ఒక్కరోజే. మిగతా నాలుగు రోజులూ ఇంటి నుంచే పని కాబట్టి ఆ పది అడుగులు కూడా ఆదా అయ్యేవి.

ఇంట్లో కుర్చీ మాత్రం అద్భుతమైనది. నడుముకు దన్ను, మెడకు దన్ను, మోచేతులకు దన్ను. మనిషిని లేవనివ్వకుండా చెయ్యడానికి ఏమేం కావాలో అన్నీ దానికున్నాయి. పొట్ట ఎప్పుడు పెరిగిందో నేను గమనించలేదు. గమనించేసరికి నిలబడి చూస్తే నా కాళ్లు నాకు కనపడటం మానేశాయి.

వ్యాయామం చెయ్యాలన్న ఆలోచన లేకపోలేదు. బూట్లు కొన్నాను. యోగా చాప కొన్నాను. మా క్లబ్‌హౌసులో జిమ్ము ఏ అంతస్తులో ఉందో వాకబు చేశాను. వచ్చే సోమవారం నుంచి మొదలుపెడదామనుకునేవాణ్ణి, ఆ సోమవారం ఆఫీసులో ఏదో ఒక సాఫ్ట్‌వేర్ రిలీజు వచ్చి పడేది. చివరికి ఆ చాపను బాల్కనీలో పరిచి మా ఆవిడ దాని మీద వడియాలు పెట్టింది. బాగా ఎండాయి.

అలాంటి రోజుల్లో రక్తపరీక్ష చేయిస్తే, షుగర్ అంచున ఉందన్నాడు డాక్టరు. అంచున అంటే ఇంకా పడలేదు కదా అని నేను తేలిగ్గా తీసుకున్నాను. మా ఆవిడ తీసుకోలేదు. ఆమె ప్రభుత్వోద్యోగి. కాగితం మీద రాసినదాన్ని తేలిగ్గా తీసుకునే అలవాటు లేదు. పైగా వాళ్ల నాన్నను రెండేళ్లు ఆసుపత్రుల చుట్టూ తిప్పి, చివరికి పోగొట్టుకున్న మనిషి. నా రిపోర్టును ఆమె వాళ్ల నాన్న ఫైళ్ల పక్కనే దాచడం నేను చూశాను. చూసి, మాట మార్చాను.

నా పుట్టినరోజుకి ఆమె ఒక వాచీ కొనిచ్చింది. అడుగులు లెక్కపెడుతుంది, గుండె చప్పుడు చూస్తుంది, గంటకోసారి మణికట్టు మీద గిల్లినట్టు అదిరి లేచి నడవమంటుంది. మీటింగులో ఉన్నానని దానికి సర్దిచెప్పడం ఎలాగో నాకు తెలియలేదు. అంతకన్నా చిక్కేమిటంటే, ఆ లెక్కలన్నీ తన ఫోనులో కూడా కనపడేలా ఆమె కలిపేసుకుంది.

సాయంత్రం నాలుగింటికి ఆఫీసు నుంచి ఫోను వచ్చేది.

"ఏవండీ, ఇంకా ఆరొందలే ఉన్నాయేంటండీ?"

"వాచీ సరిగా పట్టట్లేదేమో."

"పట్టకపోవడానికి మీరు కదిలితే కదండీ!"

ఆ పూట ఆమె గొంతులో విసుగుంటే నేను పట్టించుకునేవాణ్ణి కాదు. ఉన్నది భయం. అది నాకు పడేది కాదు. భయం పోగొట్టాలంటే నడవాలి. నడవకుండా పోగొట్టే దారి ఏదైనా ఉందా అని వెతకడమే ఇరవై ఏళ్లుగా నా ఉద్యోగం. మనిషి చెయ్యాల్సిన పనిని ఇంకోదానికి అప్పజెప్పడాన్ని మా ఆఫీసుల్లో చాలా మర్యాదైన పేర్లతో పిలుస్తారు.

మా అంతస్తులో కారిడార్లు ఊడ్చి తడిబట్ట పెట్టే ఒకావిడ రోజూ తొమ్మిదింటికి వచ్చేది. మహబూబ్‌నగర్ వైపు మనిషి, నా వయసే ఉంటుంది. మా టవరులో సగం అంతస్తులు ఆమెవే. సర్వీసు లిఫ్టు కోసం నిలబడితే పని తెమలదని, బకెట్టు పట్టుకుని మెట్ల మీదే ఎక్కి దిగేది. ఒకరోజు మా ఆవిడ ఆఫీసుకు వెళ్లిపోయాక, తలుపు తీసి ఆమెను పిలిచాను.

"అమ్మా, ఈ వాచీ సాయంత్రం దాకా నీ చేతికి పెట్టుకుంటావా?"

ఆమె దాన్ని తిప్పి తిప్పి చూసింది. "ఏంది సార్ గిది, టైము తప్పు జూపిస్తుందా?"

"టైము సరిగ్గానే చూపిస్తోంది. నా నడకే తక్కువ చూపిస్తోంది."

ఒక్క క్షణం నన్ను చూసి పకపకా నవ్వింది. "గంతేనా! ఫికర్ జెయ్యకుండ్రి. నేనెట్లైనా నడిచేదే గద." గాజులు పైకి జరిపి, వాచీ పెట్టుకుని, బకెట్టు ఎత్తుకుని వెళ్లిపోయింది.

అయిదింటికి తెచ్చిచ్చింది. వాచీ నా ఫోను దగ్గరికి రాగానే పదహారు వేల అడుగులు నా పేరు మీద పడ్డాయి. కుర్చీలోంచి లేవకుండా ఆ అంకెను చూసుకుని మురిసిపోయాను. ఆ సాయంత్రం మా ఆవిడ ఇంటికి వచ్చిన తీరు ఇప్పటికీ కళ్ల ముందుంది. చెప్పులు విప్పకుండానే, "నిజంగానే నడిచారా!" అంది. నేను తలూపాను. నోటితో అబద్ధం చెప్పలేదని ఆ తర్వాత చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను.

అదే వాడుకైపోయింది. ఆఫీసుకు వెళ్లే రోజున మాత్రం అడుగులు పడిపోయేవి. మీటింగులు ఎక్కువ అనేవాణ్ణి, ఆమె నమ్మేది. రాత్రి అన్నాల దగ్గర ఫోను తీసి చదివేది. "పొద్దంతా అన్ని మెట్లెక్కినా గుండె ఎంత కుదురుగా ఉందో చూశారా! మీ ఒళ్లు మంచిదండీ, ఇన్నాళ్లూ మీరే వాడలేదు." ఆఫీసులో నలుగురికీ చెప్పుకుంది. ఇంట్లో కట్టుబాట్లు కూడా సడలించింది. అన్ని వేల అడుగులు నడిచే మనిషికి నీరసం రాకూడదు కదా. బంగాళాదుంప వేపుడు తిరిగొచ్చింది, నెయ్యి తిరిగొచ్చింది, వాళ్ల పుట్టింటి నుంచి పూతరేకులు వచ్చాయి. నేను కాదనలేదు. కాదంటే అనుమానం వస్తుందని తిన్నాను.

మూడు నెలలకి మళ్లీ పరీక్ష. మా ఆవిడ ఆరోజు సెలవు పెట్టి మరీ వచ్చింది, మార్కులు చూసుకోవడానికి వచ్చినట్టు. డాక్టరు రిపోర్టు చూసి నొసలు ముడిచాడు. షుగర్ తగ్గలేదు సరికదా, అంచు దాటింది. ఆమె ఫోను తీసి మూడు నెలల నడకా ఆయన ముందు పెట్టింది.

"ఇంత నడుస్తూ పెరిగిందంటే మామూలు కారణం కాకపోవచ్చమ్మా," అన్నాడాయన. "ఒకసారి పొట్ట స్కాన్ చేయిద్దాం. క్లోమం ఎలా ఉందో చూడాలి."

గది బయట బెంచీ మీద కూర్చున్నాం. ఆమె ఫైలును ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో అదిమి పట్టుకుంది. నావైపు చూడకుండా అంది: "మా నాన్నకీ ఇలాగే చెప్పారండీ మొదట్లో. ఒకసారి స్కాన్ చేయిద్దాం అని."

ఏడవలేదు. ఏడిచినా బాగుండేది. పెదవులు కదుపుతూ ఏదో దండకం చదువుకోవడం మొదలుపెట్టింది. జీవితంలో చాలాసార్లు సిగ్గుపడ్డాను కానీ, ఒళ్లంతా సిగ్గు పాకడం అదే మొదటిసారి.

"స్కాన్ వద్దు," అన్నాను. "నేను నడవలేదు."

ఆమెకు అర్థం కాలేదు. మొత్తం చెప్పాను, ఇలా చెబుతున్నంత సరదాగా మాత్రం కాదు. ఆమె దండకం ఆగింది.

"మరి ఆ నడక ఎవరిది?"

"మన కారిడార్లు ఊడ్చే ఆవిడది."

ఆమె లేచింది. డాక్టరు గదిలోకి వెళ్లి ఏం చెప్పిందో నాకు తెలియదు. ఆమె బయటికి వచ్చాక ఆయన నన్ను లోపలికి పిలిచి, మాత్ర ఒకటి రాసి, ఇప్పటికి స్కాన్ అక్కర్లేదన్నాడు. తర్వాత నా బూట్ల వైపు చూశాడు. కొత్తగా మెరుస్తున్నాయి.

కారులో ఆమె తిడుతుందని ఎదురుచూశాను. తిట్లకు నేను సిద్ధం. సర్వీసు రోడ్డు మీద సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు నెమ్మదిగా అంది: "ఆవిడ గుండె చప్పుడు చూసుకుని మూడు నెలలు హాయిగా నిద్రపోయానండీ నేను."

ఇంటికి వచ్చి లిఫ్టు దిగేలోపు తన ఫోనులోంచి ఆ యాప్ తీసేసింది.

మర్నాడు తొమ్మిదింటికి ఊడ్చే ఆవిడ వచ్చి అలవాటుగా చెయ్యి చాపితే, ఇక వద్దన్నాను.

"మేడంకు దెలిసిందా?"

"నేనే చెప్పాను."

"మంచిగయింది సార్," అంది, నిజంగా ఊపిరి పీల్చుకుని. "గేటు కాడ కనవడ్డప్పుడల్ల మేడం నన్ను జూసి నవ్వుతుండె. మంచిగున్నవా అని అడుగుతుండె. నాకు మొహం జూపియ్య బుద్ధిగాకపోతుండె. జర మీరే నడువుండ్రి ఇగ." ఆమెను కూడా నా అబద్ధంలోకి లాగానన్న సంగతి అప్పటిదాకా నాకు తట్టనే లేదు. క్షమించమన్నాను. ఆమె చీపురు ఊపి పొమ్మంది.

ఇక నడక సంగతి. మొదటిరోజు టవరు చుట్టూ రెండు చుట్లు తిరిగేసరికి వాచ్‌మన్ వచ్చి, ఏమన్నా పోగొట్టుకున్నారా సార్ అని అడిగాడు. రెండోరోజు మెట్లెక్కుదామని బయల్దేరి నాలుగో అంతస్తులో కూలబడ్డాను. ఆ మెట్లు రోజూ ఒక మనిషి నీళ్ల బకెట్టుతో ఎక్కుతుందని తెలిసి కూర్చోవడం అంత సుఖంగా ఉండదు. మూడోరోజు మానేద్దామనుకున్నాను. చూసేవాళ్లు ఎవరూ లేరు, అడిగేవాళ్లు లేరు. మా ఆవిడ నాతో మాట్లాడుతూనే ఉంది, కూరలో ఉప్పు గురించీ కరెంటు గురించీ. నడక గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. నాలుగింటికి ఫోను మోగేది కాదు. ఆ ఫోను కోసం నేను ఎదురుచూస్తున్నానని తెలిసి నాకే ఆశ్చర్యం వేసింది. ఆరొందలేనా అని ఎవరైనా అడిగితే బాగుండనిపించింది. అందుకే లేచి బూట్లు వేసుకున్నాను.

డాక్టరు చెబితే కదల్లేదు, వాచీ గిల్లితే కదల్లేదు. ఆ బెంచీ మీద ఆమె పెదవులు కదలడం గుర్తొస్తే మాత్రం కుర్చీలో కూర్చోలేకపోయేవాణ్ణి. మోకాళ్లు నొప్పెట్టాయి. ఒక కుక్క నాతో పరిచయం చేసుకుంది. రెండు చుట్లు ఆరయ్యాయి, ఆరు పదయ్యాయి. నాలుగో అంతస్తు దాటి తొమ్మిదో అంతస్తు దాకా వెళ్లాను.

నెల దాటాక ఒక ఆదివారం పొద్దున, ఆగి ఆగి ఇరవై రెండు అంతస్తులూ ఎక్కేశాను. తలుపు తీసుకుని నేరుగా వంటింట్లోకి వెళ్లాను. ఆమె కూరగాయలు తరుగుతోంది. ఆయాసంతో నోట మాట రాక, వాచీ ఉన్న చెయ్యి ఆమె ముందు చాపాను.

ఆమె వాచీ వైపు చూడలేదు. కత్తిపీట పక్కకు జరిపి లేచింది, చెయ్యి పమిటకు తుడుచుకుంది. నా వెనక్కి వచ్చి, వీపు మీద అతుక్కుపోయిన చొక్కాకు అరచేయి ఆనించింది. ఎగిరెగిరి పడుతున్న గుండె ఆ చేతికి తెలుస్తూనే ఉండాలి. చాలాసేపు అలాగే ఉంచింది. తర్వాత చెయ్యి తీసి, చెమటతో తడిసిన అరచేతిని చూసుకుంది.

"ఇది మీదే," అంది.