గడిలోని కుంచం

పసుపు యార్డుకు సెలవున్న రోజుల్లో నేను పాత ఇళ్ళు చూడటానికి పోతుంటాను. ప్రాజెక్టు నీళ్ళ ఒడ్డున నాకు తెలిసినవి అయిదు. రెండింటికి పైకప్పు లేదు, రెండింటికి తాళాలు. అయిదోది ఒక దొర గడి. దాన్ని బాగుచేసి, నాలుగు గదుల్లో పాత సామాను పెట్టి, టికెట్టు పెట్టారు. ముందు గోడ పొడవు నా అడుగుల్లో నూటపన్నెండు. ఎక్కడికి పోయినా ఇట్లా లెక్కపెట్టడం నాకు అలవాటు. చదువు ఏడో తరగతితో ఆగింది. లెక్కలు కాంటా దగ్గర బస్తాలు తూస్తూ నేర్చుకున్నాను.

మొన్న చలికాలంలో మా మేనత్తను అక్కడికి తీసుకుపోయాను. ఆమె మోర్తాడ్‌లో ఉంటుంది. ఎనభై దగ్గరపడ్డా ఇంకా బీడీలు చుడుతుంది. ఆమె తండ్రి, అంటే మా తాత, ఆ గడిలో ధాన్యం కొలిచేవాడు. రైతులు తెచ్చిన వడ్లను దొర కుంచంతో కొలిచి తీసుకోవడం, కూలీలకు మానికతో కొలిచి ఇవ్వడం ఆయన పని. తర్వాత ఊరు నీళ్ళలో మునిగింది. జనం తలా ఒక దిక్కు పోయారు. గుట్ట మీద ఉంది కాబట్టి గడి మిగిలింది.

కిందటి ఎండాకాలం వేల్పూర్‌లో దినాల భోజనాల దగ్గర, ఆ ఊళ్ళోనే ఉంటున్న మా పాత ఊరి ముసలామె ఒకామె అత్త విస్తరి ముందు నిలబడి, "మీ నాయిన కుంచం మా నోళ్ళు కొట్టింది" అన్నదట. వాళ్ళిద్దరూ చిన్నప్పుడు కలిసి మేకలు కాసినవాళ్ళు. అత్త అన్నం వదిలేసి లేచింది. ఆ తర్వాత ఎవరి ఇంటి భోజనాలకూ పోలేదు. గడిలో ఆ కుంచం ఉందని నా నోటివెంట విన్నరోజే తీసుకుపొమ్మని పట్టుపట్టింది.

"మా నాయిన చెయ్యి సాఫు. నువ్వు లెక్కలోడివి గదా అల్లుడా, చూసి చెప్పు."

ఆ రోజు ఎండ లేదు. నీళ్ళు బూడిద రంగులో ఉన్నాయి. రెండో గదిలో, ఇనుప పట్టీల కుంచం ఒక బల్ల మీద ఉంది. కింద చీటీ: 'ధాన్యపు కొలత, నాలుగు మానికలు.' అత్త రెండు చేతులూ దాని మీద పెట్టింది.

"పెద్దమ్మా, ముట్టొద్దు! బోర్డు కనవడ్తలేదా?" అన్నాడు కాపలా అతను.

"నువ్వు పుట్టకముందుకెళ్లి గిది నాకెరుక. నన్ను ముట్టొద్దంటవా?"

"గట్లయితే నిన్ను గూడ గీడ్నే కూసోబెట్టాలె. నీకూ టికెట్ పెడ్తం."

అత్త నవ్వింది. అతనూ నవ్వి, పక్క గదిలోకి పోయాడు.

ఆమె సంచిలోంచి తాత మానిక తీసింది. నేను టేపు తీశాను. కుంచం లోపలి వెడల్పు ఇరవై సెంటీమీటర్లు, లోతు ఇరవైరెండున్నర. మానిక వెడల్పు పన్నెండు, లోతు పద్నాలుగు. చేతి మీద పెన్నుతో లెక్క వేసుకున్నాను, రెండుసార్లు. అంచుదాకా సాపుగా పోస్తే కుంచానికి నాలుగు మానికలు చాలవు. దాదాపు నాలుగున్నర పడుతుంది.

"చీటీ తప్పు అత్తా" అన్నాను.

"ఎట్ల తప్పు? నాలుగు మానికలు పోస్తే నిండుతుండె. రైతుల ముందర పోసి చూపిస్తుండె. నా కండ్లతోని చూసిన."

ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు. అక్కడితో ఆగిపోవలసింది. కానీ లెక్క కుదరకపోతే నాకు ఊపిరాడదు.

"మానిక కుప్పగ పోస్తుండెనా, చేత్తోని సాపు చేస్తుండెనా?"

"కుప్పగనే! అందరు చూడంగ. మా నాయిన పిసినారి కాదు."

కుప్ప కూడా లెక్క వేశాను. కుప్పగా పోస్తే నాలుగు మానికలకు ఆ కుంచం సరిగ్గా నిండుతుంది. చూసే రైతుకు అనుమానం రాదు. కానీ అతను ఇంటి దగ్గర నాలుగు సాపు మానికలకు ఒకటని కొలిచి తెచ్చిన పది కుంచాలు, ఇక్కడ తొమ్మిదే అవుతాయి.

"మరి కూలోళ్ళకు?"

ఆమె కుడి అరచెయ్యి మానిక అంచు మీద అడ్డంగా కదిలింది, వడ్లు రాలగొట్టినట్టు.

"సాపు చేసి ఇస్తుండె" అన్నది. "దొర ఆడ కూసోని చూస్తుండె."

"పదికి తొమ్మిది పడ్తది అత్తా."

"ఆయనకెర్కేనా?"

తెలియదని చెప్పొచ్చు. ఆమె నమ్మేది.

"రోజూ కొలిచినోడు" అన్నాను.

మిగతా రెండు గదులు చూడలేదు. బస్సులో ఆమె మానికను ఒళ్ళో పెట్టుకుని కిటికీ వైపు కూర్చుంది. వేల్పూర్ రాగానే లేచింది.

"నాతోని మేకలు కాసినదాని ఇంటికి పోతున్న. గా పదికి తొమ్మిది ముచ్చట చెప్త."

"నేను గూడ వస్త."

"వద్దు. నువ్వొస్తే ఇంకింత లెక్క జేస్తవ్."

ఆమె ఒక్కతే దిగి పోయింది. మర్నాడు ఫోన్ చేసి, ఆ ముసలామె ఏమన్నదని అడిగాను.

"'నాకెర్కే' అన్నది. 'కూసో' అన్నది."

"చాయ్ తాగినవా?"

"లేదు. కూసున్న, గంతే."