అక్క వేలికొసలు

బక్రీద్ కోసం తెచ్చి మా గల్లీలో కట్టేసిన మేకపోతు ఒకటి ఈ వారమంతా నన్ను నవ్విస్తోంది. ఉప్పుగూడ స్టేషన్ దారిలో గోడ మీది పోస్టర్లు నమిలింది, ఎదురింటివాళ్ళ గుమ్మం ముందున్న కాళ్ళు తుడుచుకునే పట్టా అంచు కొరికింది, నిన్న నా సంచిలోంచి కొత్తిమీర కట్ట లాక్కుపోయింది. ఇవాళ పొద్దున మాత్రం మా గోడ పక్కన, పాత పెయింటు డబ్బాలో పూసిన బిళ్ళ గన్నేరు దగ్గర మూతి పెట్టి, వాసన చూసి, వెనక్కి తగ్గింది. అది చేదు మొక్క, మేకలు ముట్టవు. జూనియర్ కాలేజీలో జీవశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని, నాకు తెలియని సంగతేమీ కాదు. అయినా అక్కడే నిలబడిపోయాను. ఆ మొక్కను నాటింది మా అక్క.

బావ పోయాక అక్క పుట్టింటికి వచ్చి నా దగ్గరే ఉండేది. వెనక గల్లీలో అందరూ ఆపా అని పిలిచే పెద్దావిడ దగ్గర చిన్నప్పుడే జర్దోజీ పని నేర్చుకుంది. చెక్క చట్రానికి బట్ట బిగించి కడతారు, దాన్నే అడ్డా అంటారు. దానికి అటు ఆపా, ఇటు అక్క కూర్చుని, పెళ్ళిబట్టల మీద జరీ కుట్టేవాళ్ళు. కొక్కెం సూది పట్టిన చెయ్యి బట్ట పైన ఉంటుంది, దారం అందించే చెయ్యి బట్ట కింద. కింది చేతికి ఏమీ కనబడదు, వేలికొసలతోనే అన్నీ తెలుసుకోవాలి. అక్క వంట మహా ఘోరం. ఆమె చారు తాగడం కన్నా వేణ్ణీళ్ళలో ఉప్పు కలుపుకోవడం నయమని నేను ఏడిపించేదాన్ని. కానీ అడ్డా దగ్గర ఆ కింది చెయ్యి ఏనాడూ తప్పు చేయలేదు. ఇంట్లో ఉన్నా ఆ పని మీదే ధ్యాస.

అలాంటి మనిషికి మెడ పక్కన గడ్డ లేచింది. లింఫ్ గ్రంథుల క్యాన్సర్ అన్నారు. ఇచ్చే ఇంజెక్షన్లలో ఒకటి బిళ్ళ గన్నేరు నుంచి తీసిన విన్‌క్రిస్టిన్. ఆ మాట నేను చెప్పిన మర్నాడే అక్క ఎక్కడినుంచో మొక్క తెచ్చి డబ్బాలో పెట్టింది, చుట్టాన్ని ఇంట్లో పెట్టుకున్నట్టు. "గిది లోపటికి పోయి ఏం జేస్తదే?" అని అడిగింది. కణం రెండుగా చీలే ముందు లోపల సన్నని దారాలు సాగుతాయనీ, జన్యుపదార్థాన్ని చెరో పక్కకూ లాగుతాయనీ, ఆ దారాలు ట్యూబులిన్ అనే ప్రోటీన్‌ను పూసల్లా కూర్చితే అయినవనీ చెప్పాను. మందు వెళ్ళి ఆ పూసలను పట్టుకుంటుంది, దారం సాగదు, కణం చీలలేక చచ్చిపోతుంది. "అంటే కింది చెయ్యి దారం ఇయ్యనట్టు," అంది అక్క. అంతే అన్నాను. ఆ రోజు ఇద్దరికీ ఆ మొక్క మీద చాలా నమ్మకం కలిగింది.

ఆస్పత్రికి తోడుగా ఆపా వెళ్ళేది. వెళ్ళినప్పుడల్లా డాక్టరు వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయా అని అడిగేవాడట. "గది మా పనిల ఉండేదే సారూ," అనేది అక్క. ఆపా కూడా తన చేతులు చాపి, "మేరే భీ దేఖో సాబ్, చిన్నప్పటిసంది గిట్లనే," అనేది. వాళ్ళు అబద్ధమాడలేదు. సూది పోట్లతో వేళ్ళు కాస్త మొద్దుబారితేనే చెయ్యి పనికి అలవాటు పడిందని అడ్డా దగ్గర లెక్క. తిమ్మిరి అక్కడ రోగం కాదు. డాక్టరు సరేనని మందు అంతే మోతాదులో ఇస్తూ పోయాడు.

ఒకరోజు మీగడ రంగు దుపట్టా కుడుతుంటే ఆపా, "యా అల్లా, ఖూన్!" అని కేక వేసింది. బట్ట మీద నెత్తురు పాకుతోంది. అక్క ఆ నెత్తురు ఎవరిదా అని ఆపా చేతుల వైపు చూసిందట. సూది తన వేలిలోనే దిగి ఉంది. అప్పుడు గానీ డాక్టరుకు సంగతి తెలియలేదు, మోతాదు తగ్గించాడు. నరాల్లోనూ అవే దారాలుంటాయి. వేలికొస దాకా కావలసిన సరుకంతా వాటి మీదుగానే చేరుతుంది. మందు వాటినీ పట్టుకుంది. నేనిది చెప్పాక అక్క తన చేతులు చూసుకుంది. "రోగమేదో, నా చెయ్యేదో గుర్తు పట్టరాదా దానికి?"

"రాదక్కా," అన్నాను. అన్నేళ్ళు పిల్లలకు ఉత్సాహంగా చెప్పిన పాఠం మీద నాకు అసహ్యం వేసింది.

పోనీ, చెయ్యి పోయినా ప్రాణం దక్కితే చాలనుకున్నాం. గడ్డ మళ్ళీ వచ్చింది. కణాలు తమ పైపొరల్లో కొత్త ప్రోటీన్లు నిలబెట్టుకుని, లోపలికొచ్చిన మందును వచ్చినట్టే బయటికి తోసేస్తున్నాయని డాక్టరు చెప్పాడు. వేరే మందులూ వాడారు. ఏదీ పట్టలేదు. చివరికి అన్నీ ఆపేసి ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆపా రోజూ వచ్చి అక్క కాళ్ళు ఒత్తి వెళ్ళేది.

చలికాలంలో ఒక మధ్యాహ్నం, ఆపా కాళ్ళ దగ్గర కూర్చుని ఉండగా, మంచినీళ్ళు తాగించడానికి నేను వంగితే అక్క నా చెంప మీద చెయ్యి వేసింది. "గరుకైందేందే చెంప? నూనె పెట్టుకుంటలేవా?" అంది. ఆ మాట తన నోటినుంచే వచ్చిందని నమ్మలేనట్టు ఆగిపోయింది. తర్వాత కప్పుకున్న దుప్పటి కిందికి చెయ్యి పోనిచ్చి, బట్టను వేళ్ళ మధ్య మెల్లగా నలిపింది. "పోగు పోగు తెలుస్తుందే," అంది. లేపి కూర్చోబెట్టమంది. నేనూ ఆపా చెరోవైపు పట్టుకున్నాం గానీ మెడ నిలవలేదు, మళ్ళీ పడుకోబెట్టాం.

మందు ఆపాక నరాలు కోలుకోవడానికి కాలం పడుతుందని డాక్టరు ముందే చెప్పాడు. పట్టవలసినంత కాలమే పట్టింది. కూర్చుని ఆ వేళ్ళతో కుట్టుకునేందుకు మాత్రం అక్క దగ్గర ఇక కాలం మిగల్లేదు.