దారి చెప్పే మాటల్లో గుండెనొప్పి

అరబ్బు ఎడారిలో, హఫర్ అల్ బాతిన్ అనే ఊరి దగ్గర మా క్యాంపులో ఒక ఉదయం బండి తుడుస్తుంటే ఛాతీ పట్టేసినట్టయింది. ఒళ్లంతా చెమటలు. గ్యాస్ అనుకుని సోడా తాగాను. మా రాయచోటివాళ్లకు ఛాతీలో ఏమొచ్చినా ముందు గ్యాసే!

నేను ఇటలీ ఇంజనీర్లకు డ్రైవర్ని. క్యాంపు డాక్టరూ ఇటలీ ఆయనే. ఆయనకు ఇంగ్లీషు అంతంతమాత్రం, నాకు అంతకంటే తక్కువ. క్లినిక్‌కి వెళ్తే "కోమె స్తా?" అన్నాడు, ఎలా ఉన్నావని. బండెక్కే ప్రతి ఇంజనీరూ అదే అడుగుతాడు. బాగున్నానని చెప్పడం డ్రైవరు మర్యాద. ఆ అలవాటుతో "బేనే, గ్రాత్సియే" అనేశాను. తర్వాత కడుపు పైభాగం తడిమి చూపించాను. యాసిడిటీ మాత్రలిచ్చి పంపాడు.

గదికొచ్చి పడుకుంటే మా ఆవిడ హసీనా మీద బెంగ ముంచుకొచ్చింది. ఆమెకైతే నేను నోరు విప్పక్కర్లేదు, అన్నం కలిపే తీరు చూసే కనిపెట్టేస్తుంది. ఆమెను మళ్లీ చూడకుండానే పోతానేమోనని భయమేసింది.

రెండు రోజులకు నొప్పి మళ్లీ వచ్చింది. నాకొచ్చిన ఇటాలియన్ అంతా దారి చెప్పే మాటలే. ఈసారి డాక్టరు దగ్గర వాటినే పట్టుకున్నాను. ఛాతీ మీద వేలు పెట్టి "క్వి" అన్నాను, ఇక్కడ అని. "సినిస్త్రా" అంటూ వేలిని ఎడమ భుజం మీదుగా మోచేతిదాకా నడిపాను. మెట్లెక్కుతున్నట్టు చూపించి, "స్తోప్" అని ఆయాసపడుతూ ఆగాను. ఆయన ముఖం మారిపోయింది. ఈసీజీ తీసి, అంబులెన్సు పిలిచాడు.

టౌన్లో పెద్దాసుపత్రిలో "అమ్మా" అని మూలుగుతుంటే ఒక నర్సు ఆగింది. నరసాపురం వైపు అమ్మాయి.

"తెలుగువారాండీ? నొప్పెలా ఉందో చెప్పండి."

"ఎవురో మోకాలు పెట్టి అదిమినట్టుండాది, పాపా."

మన మాట బయటికి రాగానే ఏడుపాగలేదు. యాంజియోగ్రామ్ చేశారు, మణికట్టు నుంచి స్టెంట్ వేశారు. "నో ఫ్లైట్ నౌ, నో డ్రైవింగ్" అన్నాడు అక్కడి కార్డియాలజిస్టు. సెలవుకు ఊరెళ్లే ప్రయాణం ఆగిపోయింది. స్టెంట్ కంటే అదే ఎక్కువ బాధించింది.

ఇప్పుడు స్టోరులో కూర్చుని చేసే డ్యూటీ ఇచ్చారు. మీకు చెప్పేది ఒక్కటే. పరాయి భాష డాక్టరు దగ్గర మర్యాదలకు పోకండి. నొప్పి ఎక్కడ మొదలై ఎటు పోతోందో, ఏం చేస్తే పెరుగుతోందో వేలితోనైనా చూపించండి.

హసీనా రోజూ వీడియో కాల్‌లో చొక్కా తీసి చూపించమంటుంది.

"ఛాతీ మీద మచ్చ కూడా లేదు గదమ్మీ, ఏం చూస్తావు?" అంటాను.

"నేను చెయ్యి పెట్టి చూసుకుంటేనే నమ్మేది. నువ్వు ముందు రా."