కోరుట్ల పార్కులో విమానం: తలుపు దాకా బాగుంది

కోరుట్ల దాటి మేడిపల్లి వైపు వెళ్లే రోడ్డు మీద ఉన్న వినోదాల పార్కు మేనేజరు, ఏడేళ్ల పిల్లకు విమానం కూలిపోవడం చూపించాడు. ముందు ఒక్క మాట చెప్పలేదు. బోర్డు మీద రాయలేదు. టికెట్ డబ్బులు తీసుకుని, బెల్టు బిగించి మరీ చూపించాడు. నేను ఆ పిల్ల పక్క సీట్లోనే ఉన్నాను.

"ఆ ఉత్తుత్తి విమానం కోసం రెండు గంటలు లైన్లో నిలబడొచ్చా అన్నా?" అని సిరిసిల్ల నుంచి, జగిత్యాల నుంచి చాలామంది పాఠకులు అడిగారు. అందుకే మొన్న ఆదివారం వెళ్లాను. నిజానికి తిట్టి రాయాలనే బయల్దేరాను. కష్టజీవి జేబు కొల్లగొట్టే వినోదాల మీద చదివిన కరపత్రాలు సంచిలోనే ఉన్నాయి. బస్సు వేములవాడ దాటకముందే శీర్షిక కూడా ఆలోచించి పెట్టుకున్నాను.

సిరిసిల్ల నుంచి పొద్దున్నే బయల్దేరితే వేములవాడ, రుద్రంగి మీదుగా రెండు గంటల్లోపే కోరుట్లలో దిగుతారు. అక్కడి నుంచి షేర్ ఆటోకు ముప్పై రూపాయలు. జగిత్యాల నుంచి వచ్చేవాళ్లు ఊళ్లోకి పోకుండా మేడిపల్లి దాటాక పార్కు గేటు దగ్గరే దిగొచ్చు. నన్ను ఎక్కించుకున్న ఆటో డ్రైవరు "ఇమానంకేనా?" అని తనే అడిగాడు. ఎక్కువగా ఎవరొస్తారని అడిగితే, "ఆడోళ్లే అన్నా. మగోళ్లు అసలుదే ఎక్కి పోయిండ్రు గదా" అన్నాడు. నేను నవ్వబోయి అద్దంలో అతని ముఖం చూసి ఆగిపోయాను. అతను నవ్వట్లేదు.

గేటు దగ్గర మొక్కజొన్న గింజలు రుబ్బి మక్కగారెలు వేసే అవ్వ వేడివేడిగా దించుతోంది. తిందామని చెయ్యి చాపితే, "ఇమానం ఎక్కుతవా కొడుకా? అయితే దిగినంక తిను" అంది. ఎందుకో చెప్పలేదు. నేనూ అడగలేదు. అడగాల్సింది.

లోపలికి వంద, విమానానికి వేరేగా నూట యాభై. నేను వెళ్లేసరికే లైను పాము చుట్టలా తిరిగి ఉంది. నా ముందు లావణ్య అక్క, ఆమె కూతురు సహస్ర. వాళ్లదీ సిరిసిల్లే. భర్త మల్లేశం సాంచాలు నడిపేవాడు, అంటే మర మగ్గాలు. ఆర్డర్లు ఆగిపోయి సాంచాలు మూలపడితే మూడేళ్ల కింద దుబాయ్ వెళ్లాడు. అక్క బీడీలు చుట్టి ఇల్లు నడుపుతోంది. వచ్చే శనివారం అతను సెలవు మీద వస్తున్నాడు.

"ఇంతసేపు నిలబడి ఎక్కడం అవసరమా అక్కా?" అన్నాను. కరపత్రం గొంతుతోనే అన్నాను.

"శంషాబాద్‌ల అద్దం తలుపు దాక పోయినం తమ్మీ. గంతే. ఆయన లోపటికి పోయిండు, మేం అద్దానికి ముఖం ఆనిచ్చి నిలబడ్డం. తలుపవతల ఏముంటదని గప్పటి సంది ఒకటే అడుగుడు ఇది. నాకు తెలిస్తె గదా చెప్పుటానికి."

చుట్టూ చూశాను. లైన్లో సగం మంది అలా అద్దం దగ్గర ఆగిపోయినవాళ్లే. ఇంటి నుంచి మనిషిని ఆ తలుపులోకి పంపి, ఆ తలుపు వెనక ఏముందో ఇన్నేళ్లకు చూడ్డానికి వచ్చినవాళ్లు. నా శీర్షిక అక్కడే నీరుగారింది.

గంటన్నర దాటాక అద్దం తలుపు వచ్చింది. అచ్చం విమానాశ్రయంలా కట్టారు. టోపీ పెట్టుకున్న మనిషి టికెట్ చూసి పేరు అడుగుతాడు. సంచులు పెట్టే రబ్బరు పట్టీ కదులుతుంది. అక్క దాన్ని వేలితో తాకింది. "గీడ్నే మీ డాడిని బెల్టు ఇప్పుమన్నరట బిడ్డా. ప్యాంటు లూజాయె. చేత్తో పట్టుకొని నడిచిండట." సహస్ర పకపకా నవ్వింది. తన నడుం పట్టుకుని తండ్రిలా నడిచి చూపించింది. వెనకున్న ముసలమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వుల్లో నాకు కాళ్ల నొప్పి గుర్తే రాలేదు.

లోపల నిజమైన విమానం సీట్లు, ఎదురుగా పెద్ద తెర. సహస్ర మా ఇద్దరి మధ్య కూర్చుంది. సీట్లు ఊగాయి, మబ్బులు వచ్చాయి, కింద సముద్రం. "డాడి గిట్లనే పోయిండా?" అని అడుగుతూనే ఉంది. అక్క తలూపుతూనే ఉంది.

అప్పుడు లైట్లు ఆరిపోయాయి. ఇంజన్ పోయిందని పైలట్ గొంతు వినిపించింది. పొగ వాసన. సీటు ఒక్కసారిగా కిందికి జారింది. తెర మీద సముద్రం మీదమీదికి వస్తోంది. స్పీకర్లలో ఆడవాళ్ల ఏడుపులు. అవి స్పీకర్లలోవో, మా వెనక సీట్లలోవో నాకు తెలియలేదు. నా నోట్లోంచి కూడా అరుపు వచ్చింది. అక్క రెండు చేతులతో పిల్ల కళ్లు మూసింది. చెవులు మూయడానికి ఇంకో రెండు చేతులు లేవు. చివర్లో లైట్లు వెలిగి, "దుబాయ్‌కి స్వాగతం" అని పాట వచ్చింది. ముందు వరుసలో కుర్రాళ్లు ఈలలు వేశారు.

బయటికొచ్చాక సహస్ర ఏడవలేదు. ఫోను కావాలంది. అక్క వీడియో కాల్ కలిపింది. రూములో బనీను మీద ఉన్న మల్లేశం కనిపించాడు.

"డాడీ, ఇమానంల రాకు. బస్సుల రా."

అతను నవ్వాడు. "నడుమ సముద్రం ఉంటది బిడ్డా. బస్సుకు ఈత రాదు."

"అయితే రాకు. గాడ్నే ఉండు."

మూడేళ్ల నుంచి ఎదురుచూసిన పిల్ల అన్న మాట అది. మల్లేశం నవ్వు ముఖం మీదే ఆగిపోయింది. నేను అక్కడ నిలబడలేకపోయాను.

మేనేజరు ఏసీ గదిలో ఉన్నాడు. కూలిపోతుందని బోర్డు మీద రాయమన్నాను.

"రాస్తె థ్రిల్ ఏముంటది బ్రదర్? ముందు ఉత్తగ ఎగిరి దిగేది. రెండోసారి ఎవ్వలు ఎక్కలే. సీను పెట్టినంకనే గీ లైను."

"వీళ్ల ఇండ్లల్ల మనుషులు నిజంగ ఎక్కుతరు."

"అందరిండ్లల్ల ఉన్నరు. మా తమ్ముడు గూడ మస్కట్‌ల ఉన్నడు."

"మరి మీ అమ్మను ఎక్కించినవా?"

చేతిలో ఫోను టేబుల్ మీద బోర్లించాడు. "అమ్మకు బీపీ ఉంది" అన్నాడు.

తెలియక చేశాడనుకుని లోపలికి వెళ్లినవాణ్ని. తెలుసు. తన ఇంటిమనిషిని దాచుకుని, మన ఇళ్ల మనుషులను కూర్చోబెడుతున్నాడు. నేను గట్టిగానే అరిచాను. కాపలా ఆయన భుజం పట్టి బయటికి తెచ్చాడు. తెచ్చి, మెల్లగా అన్నాడు: "నేను బహ్రెయిన్ కెల్లి అచ్చినోన్ని తమ్మీ. ఒక్కసారే ఎక్కిన. మల్ల గా ఇమానం తలుపు దాటలే. పిల్లలున్నోళ్లు అడిగితె మాత్రం కుడిపక్క తలుపు తీసి బయటికి పంపుత."

కోరుట్ల బస్టాండులో వాళ్లిద్దరూ మళ్లీ కనిపించారు. మల్లేశమే తిరిగి ఫోన్ చేశాడు. "ఎక్కంగనే వీడియోల సూపిత్త, దిగంగనే సూపిత్త. నడుమ నువ్వు పండుకో బిడ్డా" అంటున్నాడు. సహస్ర ఫోను దగ్గరికి లాక్కుంది. "దిగంగనే ఫోన్ చేస్తవా? మర్చిపోతె?" అంది. చివరికి, "అద్దం తలుపు కాడ నేనుంట. జల్ది రా" అంది.

మరి అంతసేపు నిలబడొచ్చా? తలుపు దాకా నిలబడొచ్చు. ఇంటికి దూరమైన మనిషి నడిచిన దారిలో నాలుగడుగులు వేయడానికి రెండు గంటలు ఎక్కువేమీ కాదు. ఈ మాట రాస్తానని పొద్దున బస్సులో అనుకోలేదు. ఆ నాలుగడుగులనే ఎరగా వేసి భయాన్ని అమ్మడం నేను సహించలేను. వెళ్లేవాళ్లకు ఒక సూచన: సీట్లలోకి వెళ్లకముందే కుడివైపు తలుపు తీయమని కాపలా ఆయన్ను అడగండి, తీస్తాడు. పిల్లలతో అటునుంచే బయటికొచ్చేయండి.

మనం అడిగేది రెండే. బోర్డు మీద నిజం రాయాలి. మామూలుగా ఎగిరి మామూలుగా దిగే విమానం కూడా నడపాలి. వచ్చే ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకు, టికెట్ కిటికీ తెరవకముందే, పార్కు గేటు ముందు కలుద్దాం. లావణ్య అక్కను అడిగితే, "ముగ్గురం అత్తం తమ్మీ" అంది. మీరూ రండి.