పళ్ళసెట్టాయన చిన్నిల్లు

మా వీధిలో కరకరా నమలగలిగే ముసలివాళ్ళు ఇంతమంది ఉన్నారంటే అది పళ్ళసెట్టాయన చలవే. పళ్ళ డాక్టరు మా నోళ్ళు తెరిపించి, అచ్చులు తీసి, వెనక గదికి పంపేవాడు. ఆ గదిలో కూర్చుని మైనం కరిగించి, గులాబీ రంగు చిగుళ్ళు పోసి, వాటిలో పళ్ళు వరసగా కూర్చేది ఈయన. బోర్డు మీద డాక్టరు పేరుండేది. మా నోళ్ళలో ఈయన పనితనం ఉండేది. ఆయన చేసిన పళ్ళతో ఒక పెద్దాయన తాళంకప్ప కొరికి తెంచాడని చెప్పుకుంటారు. అది నేను నమ్మను. గొలుసు తెంచడం మాత్రం కళ్ళారా చూశాను.

మనిషి పొట్టి, సన్నం, మాట తక్కువ. ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడడు, నోట్లోకి చూస్తాడు. భార్య ఒక బడికి పెద్ద. ఊళ్ళో అందరూ ఆవిణ్ణి మేడం అంటారు. ఈయనా మేడం అనే అంటాడు, ఇంట్లో కూడా. ఆవిడ భోంచేయమంటే చేతులు కట్టుకుని లేచి నిలబడతాడని గిట్టనివాళ్ళు అంటారు గానీ అంత లేదు. లేచేవాడు, చేతులు కట్టుకునేవాడు కాదు.

ఆయనకి ఉన్న పిచ్చి ఒక్కటే, పాతకాలపు బొమ్మరిళ్ళు. వెదురుపుల్లలతో కట్టేవి కావు, ఫ్యాక్టరీలో అచ్చొత్తిన రేకు ఇళ్ళు. రేకు మీదే ఇటుకలు, కిటికీలు, కిటికీ తెరలు, గుమ్మం పక్కన పూలమొక్కలు, వంటింటి గోడకి వేలాడే గరిటెలు కూడా రంగుల్లో ముద్రించి ఉంటాయి. వెనక గోడ ఉండదు. అటునుంచి చెయ్యి పెట్టి సామాను సర్దుకోవాలి. అగ్గిపెట్టెంత మంచం, తలుపు తెరుచుకునే ఫ్రిజ్, చిటికెనవేలి గోరంత టెలిఫోను, మూత లేచే మరుగుదొడ్డి, అన్నీ ప్లాస్టిక్‌వే. వాటితోపాటు అందులో ఉండడానికి ఒక కుటుంబం. జేబులో చెయ్యి పెట్టుకున్న నాన్న, ఎర్ర గౌను వేసుకున్న అమ్మ, ఊయల్లో పట్టే పసిపిల్ల.

పాత సరుకు కాబట్టి ఏదీ తిన్నగా దొరకదు. కుర్చీ ఉంటే కాలుండదు, స్నానాల తొట్టి ఉంటే అంచుండదు. విరిగిన ముక్కని ఈయన చిగుళ్ళు పోసే ముద్దతోనే పోసి, అరగదీసి, అతుకు కనపడకుండా అంటించేవాడు. తెల్లవాటికి పంటి ముద్ద. రంగు కలవడానికి పంటి రంగుల నమూనాల గుత్తి పక్కన పెట్టుకుని చూసేవాడు. ఒక ఫ్రిజ్ తలుపుకి నా పై పళ్ళ రంగు వేశాడట. ఇవన్నీ ఆయనకి సరుకు వెతికిపెట్టే పాత సామాన్లవాడు నాకు తర్వాతెప్పుడో చెప్పినవి.

మొదటి ఇల్లు ఆయన సంచిలో పెట్టుకుని ఇంటికే తెచ్చాడు. మేడం దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి గుమ్మం బయట పెట్టింది.

"మా బడిలో ఒకటో తరగతి పిల్లలు కూడా బొమ్మలు మానేశారు. మీరెప్పుడు మానేస్తారు?"

"ఇది ఆడుకునేది కాదు మేడం. పాతది. ఇలాంటిది మళ్ళీ దొరకదు."

"పాతది, ఇలాంటిది మళ్ళీ దొరకనిది నా ఇంట్లో ఇప్పటికే ఒకటుంది. దాన్ని చూసుకోలేకే చస్తున్నాను."

అప్పటినుంచి ఆయన ఇంట్లో బొమ్మ అన్న మాట ఎత్తలేదు. బట్టలు ఉతికే దుకాణం మీద ఒక గది అద్దెకి తీసుకున్నాడు. పని అయ్యాక కాసేపు అక్కడికి వెళ్ళి, ఇంటికొచ్చి, "ఇవాళ పళ్ళు ఎక్కువొచ్చాయి మేడం" అనేవాడు. మేడం అంతకుమించి అడిగేది కాదు. మొగుడు ఆలస్యంగా వస్తే ఆవిడకి లోటు తెలిసేది కాదు.

ఆ రేకు ఇళ్ళలో రెండు రకాలున్నాయి, మేడ ఉన్నవి, మేడ లేనివి. పాత సామాన్లవాడితో మాట్లాడేటప్పుడు మేడ ఉన్నదాన్ని పెద్దిల్లు అనేవాడు, లేనిదాన్ని చిన్నిల్లు అనేవాడు. చిన్నిల్లు అంటే లోకం ఏమనుకుంటుందో ఆయన బుర్రకి తట్టనే లేదు. సామాన్లవాడికి తట్టింది. తట్టినా చెప్పలేదు. ప్రతిసారీ ఫోను పెట్టేశాక కడుపుబ్బ నవ్వుకునేవాడట.

ఒకరోజు మధ్యాహ్నం మేడం తమ్ముడు పన్ను సలుపుతోందని డాక్టరు దగ్గరికి వచ్చాడు. పనిలో పనిగా బావని పలకరిద్దామని వెనక గది గుమ్మం దాకా వెళ్ళాడు. లోపల ఈయన వీపు ఇటు తిప్పి, చెవికీ భుజానికీ మధ్య ఫోను నొక్కిపట్టి, మైనం చెక్కుతూ మాట్లాడుతున్నాడు.

"పెద్దింట్లో అన్నీ ఉన్నాయండి. చిన్నింట్లోనే మంచం లేదు... ఆవిడకా? ఆవిడకి చెయ్యి విరిగింది. నేనే పొరపాట్న కింద పడేశాను... ఎంత అతికించినా నిలబడటం లేదండీ. ఇంకొకావిడ ఎవరైనా దొరికితే చెప్పండి. ఎర్ర గౌనైతే మరీ మంచిది. పాతావిణ్ణి మీరే తీసుకుపోదురుగాని... పిల్లతో సహా ఇస్తారా? అయితే ఊయల కూడా చూడండి."

తమ్ముడి పన్ను నొప్పి ఎటు పోయిందో తెలీదు. చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు చెయ్యకుండా బయటపడి, తిన్నగా అక్క బడికి పరిగెత్తాడు.

"అక్కా, బావ చిన్నిల్లు పెట్టాడు."

"ఎవరు? ఈయనా?" మేడం కళ్ళద్దాలు తీసింది. "ఒరేయ్, ఆయన సీసా మూత తియ్యాలంటే నన్ను పిలుస్తాడు."

"చెయ్యి విరగ్గొట్టాట్ట. పైగా ఇంకోదాన్ని చూడమని బేరం. పిల్ల కూడా ఉంది."

"పిల్ల కూడానా!" అంది మేడం. కోపం కంటే ముందు ఆశ్చర్యం వచ్చిందని తమ్ముడు చెప్పాడు. మొగుడి మీద ఆవిడకి గౌరవం లాంటిది కలిగింది ఆ ఒక్క క్షణమేనట.

తలుపు తెరిచే ఉంది. పక్క గదిలో టీచర్లు చెవులు తెరిచే ఉన్నారు. బడి వదిలేవేళకి ఊరంతా తెలిసింది. అప్పటిదాకా ఆవిణ్ణి చూస్తే పక్క సందులోకి తిరిగిపోయే టీచర్లు కాఫీ తెచ్చి చేతికిచ్చారు. పిల్లల తల్లులు ఆవిడ చెయ్యి పట్టుకుని ఏడ్చారు. "నిప్పులాంటి మనిషికి ఎంత కష్టం వచ్చిందమ్మా!" అన్నారు. జీవితంలో మొదటిసారి ఆవిణ్ణి చూసి జనం దగ్గరికి వచ్చారు. మేడం గొంతు మెత్తబడింది, నడక నెమ్మదించింది. "నా ఖర్మ, భరిస్తాను" అని అందరికీ విడివిడిగా చెప్పింది. అంతా చెప్పడం అయ్యాక, నిజమో కాదో చూద్దామనుకుంది.

మర్నాడు సాయంత్రం అక్కాతమ్ముళ్ళు ఆయన వెనకే నడిచి, మెట్లెక్కి, తలుపు తోశారు. గది నిండా అలమరలు, అలమరల నిండా రేకు ఇళ్ళు. మధ్యలో బల్ల దగ్గర ఈయన, కంటికి భూతద్దం, చేతిలో పట్టకారు.

"ఎక్కడుంది అది?" అంది మేడం.

"ఏది మేడం?"

"అదే. మీ చిన్నింటి ఆవిడ."

ఆయన మొహం వెలిగిపోయింది. ఇన్నేళ్ళకి మేడం తన సరుకు చూడ్డానికి వచ్చిందనుకున్నాడు. "వంటింట్లో ఉంది, ఉండండి" అని పట్టకారుతో పట్టుకుని తీసి ఆవిడ అరచేతిలో నిలబెట్టాడు. బొటనవేలంత మనిషి. ఎర్ర గౌను. ఒక చెయ్యి గులాబీ రంగు చిగుళ్ళ ముద్దతో అతికించి ఉంది.

తమ్ముడు మొదట నవ్వాడు. అక్క మొహం చూసి ఆపేశాడు.

మేడం అక్కడున్న ఒక్క కుర్చీలో కూలబడింది. "ఊరంతా నన్ను ఓదార్చింది. మామయ్యకి కబురు పెట్టాను. రేపు అందరూ వస్తున్నారు. ఇప్పుడు వెళ్ళి ఏం చెప్పమంటారు? మా ఆయన బొమ్మలతో కాపురం చేస్తున్నాడని చెప్పనా? బడికి మళ్ళీ వెళ్ళగలనా?"

"నేను చెప్తాను మేడం. పొరపాటు పడ్డారని..."

"మీరు నోరు మూసుకోండి!"

"బావా," అన్నాడు తమ్ముడు, "ఆడదానితో పట్టుబడితే మగాడివి, నాలుగు రోజులు తిట్టి ఊరుకుంటారు. వీటితో పట్టుబడితే చచ్చేదాకా నవ్వుతారు. నిన్నే కాదు, మమ్మల్ని కూడా."

మేడం చాలాసేపు ఆలోచించింది. పరీక్ష పేపరు తయారుచేసే మొహం పెట్టి చెప్పింది. "రేపు అందరి ముందూ ఒక మనిషి ఉందని ఒప్పుకోండి. పంపించేశానని చెప్పండి. తప్పయిందనండి. అలా అంటే వీటిని నేను ముట్టుకోను. లేదంటే ఇప్పుడే, ఇక్కడే, వీడి చేత కాళ్ళతో తొక్కిస్తాను."

ఆయన అలమరల వైపు చూశాడు. పరువు ఆయనకి పెద్దగా ఉండేది కాదు కాబట్టి అది పోతుందన్న బెంగ రాలేదు. "నిజంగా ముట్టుకోరు కదా మేడం?" అన్నాడు.

"మాటంటే మాటే."

మర్నాడు అందరం కూర్చున్నాం. మేడం మేనమామ, కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి, మధ్య కుర్చీలో. పక్కన మేడం పిన్ని. పొరుగువాడినని నన్నూ పిలిచారు. పిలవకపోయినా వెళ్ళేవాణ్ణే.

"ఏమయ్యా, ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు మేనమామ.

"చాలాకాలం నుంచేనండి, మామయ్యగారూ."

"ఎలా ఉంటుంది మనిషి?" అంది పిన్ని. ఆ ప్రశ్నకి అందరం కుర్చీలు ముందుకి జరుపుకున్నాం.

అబద్ధం ఆడటం ఆయనకి రాదు. ఉన్నదే చెప్పాడు. "పొట్టిగా ఉంటుందండి. ఎప్పుడూ నవ్వుమొహమే."

"ఎదురు చెప్పదా?"

"అసలు నోరే తెరవదండి."

మగవాళ్ళంతా మేడం వైపు చూసి చటుక్కున తల దించుకున్నారు. ఒకాయన తెలియకుండానే నిట్టూర్చాడు. ఆయన భార్య మోచేత్తో పొడిచింది.

"సరే, తప్పయిందన్నాడు. ఇంక ఆ గది గడప తొక్కనని ఒట్టెయ్యమనండి. తాళంచెవి మా అమ్మాయి చేతికి ఇప్పించండి" అంది పిన్ని.

ఆయన ఉలిక్కిపడి మేడం వైపు తిరిగాడు. "ఇలా అనుకోలేదు కదా మేడం..."

"చూశారా, ఇంకా వదలలేకపోతున్నాడు!" అంది పిన్ని.

మేడం కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆయన ఒట్టేశాడు. తాళంచెవి ఇచ్చాడు. ఇచ్చేముందు దాన్ని చొక్కా అంచుతో తుడవడం చూసి, ఎంత ప్రేమో అనుకున్నాం.

తర్వాత ఆయన బతుకు చూడాలి. డాక్టరు, ఆడవాళ్ళు వచ్చినప్పుడు బయటికి రావద్దన్నాడు. కాఫీ దుకాణం దగ్గర కుర్రకారు లేచి నిలబడి, "రండి గురువుగారూ, మాక్కూడా రెండు చిట్కాలు చెప్పండి" అనేవాళ్ళు. వీటికి ఆయన చలించలేదు. ఉతుకుడు దుకాణం ఎదురుగా రోడ్డుకి అవతలి పక్క నిలబడి, మూసి ఉన్న కిటికీ వైపు చూస్తూ ఉండేవాడు. అదీ మేడం చెవిన పడేది. జనం ఆవిణ్ణి ఇంకా ఎక్కువ ఓదార్చేవాళ్ళు.

"ఒక్కసారి తాళం తియ్యండి మేడం. లోపల ఉక్కకి ఆ ప్లాస్టిక్ వంకర్లు తిరుగుతుంది. మీరే కిటికీ తీసి వచ్చెయ్యండి" అని బతిమాలాడు.

"ఒట్టేసింది మీరు. ముట్టుకోనన్నది నేను. ఇద్దరం మాట మీద నిలబడదాం."

ఎండలు ముదిరాయి. ఆయన ఇంక ఆగలేక మేనమామ దగ్గరికి వెళ్ళి, "మామయ్యగారూ, ఆవిడ బొమ్మ" అని అంతా చెప్పేశాడు. మేనమామ కోర్టులో ఎన్నో సాకులు విన్నాడు గానీ ఇలాంటిది వినలేదు. మళ్ళీ అందరికీ కబురు పెట్టాడు. అందరం నవ్వాం.

"గది తెరిచి చూడండి. ఉన్నవి చూసి మీరే చెప్పండి" అన్నాడు ఆయన. అంత గట్టిగా మాట్లాడటం మేమెప్పుడూ వినలేదు.

మేడం మారుమాట లేకుండా తాళంచెవి తీసి మేనమామకి ఇచ్చింది. "చూడండి మామయ్యా. నేను మాత్రం రాను. నేను చూడలేను."

"థాంక్స్ మేడం" అన్నాడు ఆయన. పాపం, మనస్ఫూర్తిగానే అన్నాడు.

మెట్లెక్కాం. మేనమామ తలుపు తీశాడు. మూసి ఉన్న గదిలోంచి ఉక్క మొహాన కొట్టింది. అలమరలు లేవు, రేకు ఇళ్ళు లేవు. గది మధ్యలో ఇద్దరు పడుకునే మంచం, పూల దుప్పటి, పక్కపక్కనే రెండు తలగడలు. గోడకి అద్దం, అద్దం కింద దువ్వెన, దువ్వెన పళ్ళలో పొడుగు వెంట్రుకలు. గుమ్మం లోపల ఒక జత ఆడచెప్పులు.

మేడం మాట తప్పలేదు. ఆవిడ ముట్టుకోలేదు, తమ్ముడు ముట్టుకున్నాడు. రేకు ఇళ్ళని పడుకోబెట్టి, మీదెక్కి తొక్కి, మడతలుపెట్టి తుక్కుకి వేశాడు. ప్లాస్టిక్ సామాను బకెట్లకెత్తి మురిక్కాలవలో పోశాడు. ఖాళీ అయిన గదిలో మంచం, అద్దం, చెప్పులు తెచ్చి సర్దాడు. చాలా ఏళ్ళ తర్వాత నాకు వాడే చెప్పాడు, మధ్యమధ్యలో నవ్వాపుకోలేక.

ఆ పూట మాకు అదేం తెలీదు. మేం చూసింది మంచం. పళ్ళసెట్టాయన గభాల్న మోకాళ్ళ మీద కూలబడి, మంచం కిందికి దూరి, అరచేతులతో నేలంతా తడుముతూ వెతకడం మొదలుపెట్టాడు. పాదాలు మాత్రం బయటికి కనపడుతున్నాయి.

"సిగ్గులేని మనిషి, మా ముందే వెతుక్కుంటున్నాడు చూడండి" అన్నాడు మేనమామ.

పిన్ని ఒంగి పరుపు మీద అరచెయ్యి ఆనించి చూసింది.

"ఇంకా వెచ్చగానే ఉంది" అంది.